పంతులుగారు చెప్పిన నక్షత్రం

మా చిన్నప్పుడు... కొత్తపేటలో మా గుడి పంతులుగారి చేతి తీర్థం అంత తేలిగ్గా దొరికేది కాదు. మనం చెయ్యి చాపాక ఉద్ధరిణె అట్లాగే ఎత్తి పట్టుకుని అడిగేవారు... "వెనక గల్లీలో రెండు రోజులుగా నీళ్లు లేవటగా, మీ బోరు పనిచేస్తోందా?" దేవుడి ముందు నిలబడి లేదని ఎట్లా అంటాం? సాయంత్రానికి మా గేటు ముందు బిందెల వరస.

"గుడికి పోయినా పంచాయితేనాయె" అని గొణిగేవాడు మా నాన్న. ఆయన గుడి కమిటీ మెంబరు మరి.

పంతులుగారిది గుంటూరు వైపు. పేరు శేషాద్రి శర్మ. బడిలో సీటివ్వని పిల్లల కోసం హెడ్మాస్టరు గది ముందు కూర్చునేవారు. అన్నదానంలో పండ్ల మార్కెట్ హమాలీలను మొదటి పంక్తిలో కూర్చోబెట్టేవారు. కమిటీ పెద్దలకు అది గొంతులో ముల్లులా ఉండేది.

మాది అల్మాస్‌గూడ. పొలం అమ్మి నాన్న కొత్తపేటలో మూడంతస్తులు కట్టాడు. కింది పోర్షన్‌లో సత్తయ్య అనే హమాలీ కిరాయికి ఉండేవాడు... భార్య యాదమ్మ, కూతురు సునీత. సునీత, నేను ఒకే తరగతి. నల్లగొండ పక్క ఊళ్లో వాళ్ల ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. వాళ్లకు ఇల్లంటే ఇక మా ఇల్లే.

ఒక సోమవారం మధ్యాహ్నం సత్తయ్య మార్కెట్లోనే కుప్పకూలాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. శవాన్ని తెచ్చిన బండి మా ఇంటి ముందు ఆగగానే నాన్న గేటు వేసేశాడు.

కిరాయి ఇళ్లల్లో చావు వస్తే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. రోడ్డు మీద టెంటు వేసుకోవాలి, లేదా అట్నుంచి అటే శ్మశానానికి పోవాలి.

"పటేలా, దండం పెడత... ఒక్క గంట. ఇంటి ముంగట తానం పోపిచ్చి తీస్కపోతం" అంటూ యాదమ్మ గేటు ఊచలు పట్టుకుని కింద కూర్చుంది. సునీత బండి దగ్గరే నిలబడి ఉంది. ఏడవడం లేదు. నా వైపే చూస్తోంది.

"నాకేం కోపమా యాదమ్మా? పోయిన నచ్చత్రం మంచిగ లేకుంటె, పీనుగను దింపిన ఇల్లు ఆర్నెల్లు మూసుకోవాలె. పైన కిరాయికున్నోళ్లు ఉంటరా?" అన్నాడు నాన్న. తర్వాత నా వైపు తిరిగి "ఉరుకు బిడ్డా, పంతులుగారిని అడిగి రా" అన్నాడు.

ఉరికాను. పంతులుగారు పంచాంగం తీసి ఒక గీత మీద వేలు పెట్టారు. వేలు చాలాసేపు అక్కడే ఉంది.

"ఆ పిల్ల ఎక్కడుంది తల్లీ?"

"బండి కాడనే ఉంది."

పంచాంగం మూసేసి చెప్పులు వేసుకున్నారు. "మంచి నక్షత్రమే. పద, నేనూ వస్తున్నాను."

ఆయన మాట మీద నాన్న గేటు తీశాడు. మా అరుగు ముందు పడుకోబెట్టి యాదమ్మ మా బోరు నీళ్లతో మొగుడికి స్నానం చేయించింది. సునీత అప్పుడు ఏడ్చింది... వాళ్ల నాన్న కాళ్ల మీద తల పెట్టి, గొంతు పోయేదాకా. రెండు గంటలు ఉంచారు. పంతులుగారు కదలకుండా అక్కడే నిలబడ్డారు.

ఇక్కడిదాకా రాయడం తేలికే. ఇక మిగిలింది నేను చేసిన పని.

మూడో రోజు నానమ్మ "ఏకాదశి ఎన్నడొస్తదో చూడవే" అంది. ఆమెకు చదువు రాదు, గోడ మీది కేలండర్ చదివి పెట్టడం నా పని. ఏకాదశి చెప్పి ఊరుకోవచ్చు కదా... సోమవారం గడి కూడా చదివాను. అక్కడ ధనిష్ఠ అని ఉంది. చావుకు అన్నిటికన్నా చెడ్డదని మా ఇళ్లల్లో భయపడేది ఆ నక్షత్రానికే.

నాకు తెలియక చదవలేదు. పంతులుగారి తప్పు నేను పట్టుకున్నానని సంబరం. రెండోసారి ఇంకా గట్టిగా చదివాను, నాన్నకు వినపడేట్టు.

ఆ సాయంత్రమే గుడి మండపంలో కమిటీ కూర్చుంది. పెద్దాయన ఒకరు మెల్లగానే అడిగారు... "చూస్కోక చెప్పిన్రా పంతులుగారూ? పొరపాటంటే పొరపాటే అనుకుందాం." నిజంగానే ఒక దారి ఇచ్చారు.

పంతులుగారు ఆ దారి తీసుకోలేదు. "చూసే చెప్పాను. అబద్ధమాడాను. దానికి మీరేం శిక్ష వేసినా సరే. కానీ అన్నేళ్లు మీ మధ్య బరువులు మోసిన మనిషిని రోడ్డు మీద పడుకోబెట్టమని నా నోటితో చెప్పలేను."

నాన్న తల దించుకున్నాడు కానీ, పంతులుగారిని తీసేయడానికి చెయ్యి మాత్రం ఎత్తాడు. అందరూ ఎత్తారు.

వారంలో కొత్త పూజారి వచ్చాడు, ఇల్లు మూసే పని లేకుండా మా ఇంట్లో శాంతి జరిగింది. యాదమ్మను ఖాళీ చేయించారు. తుర్కయంజాల్ వైపు వెళ్లారని విన్నాను. వెళ్లేటప్పుడు సునీత నాకు చెప్పలేదు... చెప్తుందని ఎట్లా అనుకున్నానో! పంతులుగారు ఎటు వెళ్లారో ఎవరూ అడగను కూడా లేదు. మా ఇంటికి ఏ కీడూ జరగలేదు. అందరం బాగానే ఉన్నాం. అదే ఇప్పటికీ నన్ను కాలుస్తుంది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మొన్న నాలుగో అంతస్తులో కిరాయికున్న పెద్దాయన పోయారు. శవాన్ని తెచ్చిన బండి గేటు బయటే ఆగింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో నిమిషంలో నక్షత్రం పెట్టేశారు, కింద వరసగా దండం బొమ్మలు. "లోపలికి రానివ్వండి" అని టైప్ చేశాను... ఓనర్లందరి పేర్లూ చూసి చెరిపేశాను. కాసేపటికి బండి వెళ్లిపోయింది.

ఇప్పుడు నక్షత్రం కోసం ఎవరినీ అడగక్కర్లేదు, అందరి ఫోన్లలోనూ ఉంది... గేటు తీయించడానికి అబద్ధమాడే మనిషే లేడు. మీ గల్లీలో అట్లాంటివాళ్లు ఎవరైనా ఉండేవారా? చెప్పండి, చదువుతాను. నాలాగా గట్టిగా చదివి వినిపించినవాళ్లుంటే... వాళ్లు కూడా రాయండి.