మడత సున్న, గుడ్డ ఒకటి

మా లెక్కల సారు పోయారు. నిన్న పొద్దున జమ్మలమడుగులో నేను బడికి బయలుదేరుతుంటే ప్రొద్దుటూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయినారు పాపా. ఏం బాధ పడలేదు" అంది. చెప్పులు వేసుకోబోతున్నదాన్ని గడప మీదే కూర్చుండిపోయాను. తప్పుగా అనుకోవద్దు, ముందు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఆయన భయపడినట్టు మాత్రం జరగలేదు కదా అని.

ఆ భయమేమిటో మాకందరికీ తెలుసు. సారు వాళ్ళమ్మ చివరి రోజుల్లో కొడుకును గుర్తుపట్టలేదట. అన్నం తినిపిస్తున్న ఆయన్నే "ఎవరప్పా నువ్వు?" అని అడిగేదట. అది చెప్పినప్పుడల్లా సారు నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడిచేవారు. "ప్రాణం పోతే పోనీ. తెలివి మటుకు దానికంటే ముందు పోగూడదు" అనేవారు. ఏడో తరగతి పిల్లలకు చెప్పే మాటా అది? కానీ ఆయన మాకు చిన్నపిల్లలన్న రాయితీ ఎప్పుడూ ఇవ్వలేదు.

ప్రొద్దుటూరులో వాళ్ళది బట్టల వ్యాపారం చేసే కుటుంబం. తమ్ముళ్ళు అంగడి చూసుకుంటే ఈయన బడికి వచ్చారు. ఎందుకొచ్చారు సార్ అని అడిగితే, "గుడ్డ అమ్మేదాని కంటే మడత పెట్టేదే శానా సేపు చేస్తాంటినని మా నాయన తరిమినాడు" అనేవారు. ఎంత నిజమో తెలియదు గానీ, అంగడి ఆయన చేతులను మాత్రం వదల్లేదు. భుజం మీది తువ్వాలు, పేపరు, బస్సు టికెట్టు, ఏది దొరికినా మడత పెట్టాల్సిందే. అంచుకు అంచు కలవాలి, బొటనవేలితో ఒకసారి రుద్దాలి. పరీక్ష పేపరు వంకరగా మడిచి ఇస్తే, లెక్క తప్పినందుకంటే ఆ మడతకే ఎక్కువ తిట్లు పడేవి.

ఘాతాంకాలు మాకు ఆ తువ్వాలుతోనే మొదలయ్యాయి. ఆ రోజు పుస్తకం తెరవలేదు. తువ్వాలు బల్ల మీద పరిచి ఒక మడత పెట్టారు.

"ఎన్ని పొరలు?"

"రెండు సార్!"

"ఇంకో మడత?"

"నాలుగు సార్!"

"ఇంకోటి?"

క్లాసంతా గొంతు కలిపి "ఆరు!" అన్నాం. అందరికంటే గట్టిగా అరిచింది బట్టల అంగళ్ళ పిల్లలే. మడతల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. కానీ అంగట్లో చీరలను జతలు జతలుగా రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టి అలవాటు. నోరు దానంతట అదే ఆరుకు పోయింది.

సారు నన్ను పిలిచారు. "రా మే, లెక్కపెట్టు." అంచు పట్టుకుని ఒక్కో పొరా వేలితో విడదీశాను. ఎనిమిది. నమ్మకం లేక మళ్ళీ చూశాను. ఎనిమిదే. "ఆరు అన్యావు కదా?" అని నెత్తిన చిన్న మొట్టికాయ వేశారు. "మీరు కలుపుతాండారు. మడత కలపదు, హెచ్చిస్తాది. ఉండే పొరలన్నీ ఒకేసారి మడుస్తాండాం గదా."

అప్పుడు నల్లబల్ల మీద పెద్దగా రెండు వేసి, దాని నెత్తిన చిన్నగా మూడు వేశారు. "కింద ఉండేది భూమి. పైన కూచున్నోడు ఘాతాంకం. చిన్నోడని అలుసు చేయగాకండి. రెండును ఎన్నిసార్లు రాసి హెచ్చించాల్నో చెప్పే పెత్తనమంతా వానిదే." వెనక బెంచీ నుంచి ఎవడో "మాకు భూమి లేదు సార్" అన్నాడు. "అయితే అంకెలన్నా సాగు చేసుకోరా" అన్నారు సారు. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ నవ్వుల్లోనే నాకొక సందేహం వచ్చింది. "సార్, అసలు మడతే పెట్టకపోతే?" సారు కంటే ముందే క్లాసు జవాబు చెప్పేసింది, "సున్నా!" అని.

సారు తువ్వాలు పూర్తిగా విప్పి, దులిపి, బల్ల మీద పరిచారు. ముడతలు అరచేత్తో సాపు చేశారు. "సున్నానా? మరి గుడ్డ యాడికి పోయింది? ఈడనే ఉంది గదా!" అని ఒక వేలు పైకెత్తారు. "మడత సున్న, గుడ్డ ఒకటి."

రెండు పైన సున్న పెడితే ఒకటి ఎందుకవుతుందో తర్వాత పై తరగతుల్లో నియమాలతో నిరూపించారు. నాకు నిరూపణ అప్పటికే అయిపోయింది. నేను లెక్కల టీచరునయ్యానంటే ఆ తువ్వాలు చలవే.

పోయినేడు సారుకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. తెలివి ఉందో లేదో డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేకపోయారు. పులివెందుల నుంచి కూతురొచ్చి ఎంత పలకరించినా ఊరికే చూశారట. వినగానే ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఆయన భయపడిందే జరిగిందా?

వెళ్ళి చూస్తే మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఎడమ చేత్తో తువ్వాలు మడుస్తున్నారు. పలకరించాను. కళ్ళెత్తలేదు.

"రోజంతా అదే పని పాపా," అంది ఆయన భార్య, ఆరిన బట్టలు సర్దుతూ. "తెలిసి చేస్తాండారో, చెయ్యి ఊరికే పోతాందో, ఆ దేవునికే తెలియాల."

ఒక మడత. రెండు. మూడోది సరిగా కుదరక, మోకాలితో అదిమి పెట్టారు. నాకేం తోచిందో, దగ్గరికి వంగి "ఆరు పొరలు గదా సార్?" అన్నాను.

చెయ్యి ఆగింది. తల మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఏడో తరగతి చూపు. ఎడమ చెయ్యి లేచి నా నెత్తిన మొట్టికాయ వేసింది.

ఆవిడ చేతిలోని బట్టలు కింద పడిపోయాయి. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. "అయితే మడత పెట్టకపోతే సార్?" అని అడిగాను. ఆయన తువ్వాలు విదిలించి ఒళ్ళో పరుచుకున్నారు. సాపు చేశారు. ఒక వేలు పైకెత్తారు.

"ఉండారు పాపా," అని ఆవిడ నా భుజం పట్టుకుని ఊపేసింది. "ఈడనే ఉండారు!"

నిన్న వెళ్ళి చూసి వచ్చాను. దండల కింద, ఛాతీ మీద, ఆ తువ్వాలు ఉంది. ఆవిడ ఒక్క మడత కూడా లేకుండా పరిచి, అంచులు అరచేత్తో సాపు చేస్తోంది. జనంలో నిలబడి ఉన్నాను. ఎవరూ చూడకుండా, నా వేలొకటి పైకి లేచింది.