హ్యారియెట్ పెండ్లి నేనే చెడగొట్టిన

నవ్వకుండ ఇనుర్రి. మొన్న ఇంగ్లండ్ల ఒక ఖాన్‌దాన్ మొత్తం పుట్టకుంటనే మాయమైంది. చేసింది నేనే, జనగామల కుర్చీల కూసోని!

మా రమేశన్న కంప్యూటర్ సెంటర్‌కు మొదటిసారి ఫారిన్ పని దొరికింది. ఇది మంచిగ జేస్తెనే సెంటర్ నిలబడ్తది, నా నౌకరి నిలబడ్తది. మార్గరెట్ మేడం అని లండన్ దిక్కు పెద్దామె, నూటయాభై ఏండ్ల కిందటి చర్చి కాగితాలు స్కాన్ జేసి పంపింది. వాళ్ల వంశవృక్షం గీసియ్యాలె. ఏ ఇంట్ల చూసినా పిల్లలు పదిమందికి తక్కువ లేరు. అందరు జార్జ్‌లే, విలియంలే! నా తల వాసిపోయింది.

గీసుకుంట గీసుకుంట ఒకతాన ఆగిపోయిన. ఒక జార్జ్, హ్యారియెట్ అనే పిల్లను చేసుకున్నడట. ఆ పిల్లెవరు? సొంత చిన్నాయిన బిడ్డ! ఛీ ఛీ, చెల్లె గదా!

ఆ దినం తెలంగాణ బంద్. రమేశన్న రఘునాథపల్లి కాడ రోడ్డు మీద వంటావార్పుల ఉన్నడు. ఫోన్ జేసిన. నినాదాల నడుమ ఒర్రిండు: "చెల్లెను ఎవడన్న చేసుకుంటడార? పాదిరి నిద్రమబ్బుల రాసిండొచ్చు. సరిజేసి పంపు!"

సరిజేసిన. పెండ్లి కొట్టేసి, హ్యారియెట్‌ను జార్జ్ పక్కన చెల్లెగ కూసోవెట్టిన. పెండ్లే లేనప్పుడు పిల్లలేంది? వాళ్లను గూడ తీసేసిన. బయట రాష్ట్రం వేరు జెయ్యాలని లొల్లి, లోపట నేను ఆలుమొగలను వేరు జేస్తున్న! ఒక ఇంటి పరువు కాపాడిన అనుకొని నిమ్మలంగ చాయ్ తాగిన.

మేడం దాన్ని పెద్ద ఫ్లెక్సీ గొట్టించి చుట్టాలందరిని పిలిచిందట. వచ్చినోళ్లు వచ్చినట్టు పేర్లు ఎతుక్కున్నరు. ఒక్కరి పేరు లేదు! అందరు ఆ హ్యారియెట్ సంతానమేనాయె.

"చెట్టు చాన బాగున్నది. కాని మీ లెక్కన నేను పుట్టనే లేదు," అన్నది మేడం ఫోన్ల. రమేశన్న నన్నే గుడ్లురిమి చూస్తున్నడు. నౌకరి పోయిందిరా అనుకున్న.

వచ్చీరాని ఇంగ్లీషుల చెప్పిన: "మేడం, మా దిక్కు చిన్నాయిన బిడ్డంటె తోడవుట్టినట్టే. చేసుకుంటె ఊర్ల తలెత్తుకోలేం."

"అట్లనా? మరి మీరెవర్ని చేసుకున్నరు?"

ఛాతి ఇరిసి చెప్పిన: "మేనమామ బిడ్డను!"

అటుదిక్కు ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ, మల్ల గీసి పంపుమన్నది. బతికిపోయిన!

ఇంటికొచ్చి మా స్వరూపకు చెప్పిన. చెంబుతోని నీళ్లిచ్చుకుంట అన్నది:

"ఎన్నడో, సముద్రం అవుతల అయిన పెండ్లిని ఇక్కడ కూసోని చెడగొట్టినవా? ఎంత తెలివి బావా నీది! మన పెండ్లినాడు ఏడవోయింది గీ తెలివి?"