మీటలున్న పెట్టె

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చిన్నతనంలోనే చూపు పోయింది. చెవి చురుకు, కోపం అంతకంటే చురుకు. ఆ కోపం ఊరికే రాదని ఆయనతో వాయిద్యాల దుకాణానికి వెళ్ళినరోజే నాకు తెలిసొచ్చింది.

ఆయనకి పాటలు కట్టడం పిచ్చి. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, ఆయన భార్య, అంటే మా తోడికోడలు అక్క, గరిటె గిన్నె అంచుకి తట్టే చప్పుడు ఫోనులో పట్టి వాటితో తాళం అల్లేవారు. చిక్కల్లా ఆ ఫోనుతోనే. ఎక్కడ వేలు పెడితే అక్కడున్నది పైకి చదివేస్తుంది. తాళం మంచి ఊపులో ఉండగా "ప్లే, బటన్" అంటూ మధ్యలో దూరుతుంది.

"పాడేవాడి పక్కన కూర్చుని వాగినట్టుందమ్మాయ్," అని విసుక్కునేవారు. "తడిమితే తెలిసే పెట్టె కావాలి నాకు."

అలాంటి పెట్టెలున్నాయి. శబ్దాన్ని పట్టి దాచుకుని, మీట నొక్కగానే పలికించేది సాంప్లర్. తాళం అల్లే పనీ అదే చేస్తే గ్రూవ్‌బాక్స్. కొనుక్కుంటానన్నారు. అక్కకి సెలవు దొరక్క నేను తోడు వెళ్ళాను.

దుకాణంలో అమ్మే కుర్రాడు నావైపు తిరిగి, "సార్‌కి ఏం కావాలంట మేడమ్?" అన్నాడు.

"సార్ ఇక్కడే ఉన్నారుగా, ఆయన్నే అడగండి," అన్నాను.

అడిగాడు. గొంతు చించుకుని అడిగాడు.

"అరవకయ్యా, చెవులు బాగానే ఉన్నాయి," అన్నారు బావగారు.

మొదట తెచ్చినదాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమారు. అంతా గాజే. "ఇందులో మీటలేవి?" అంటే, "అన్నీ తెర మీదే వస్తాయి సార్, లేటెస్టు," అన్నాడు గర్వంగా. రెండోదానికి మీటలున్నాయి, బాగా పలుకుతున్నాయి కూడా. కానీ శబ్దం హెచ్చించే, తగ్గించే మరలు ఎంత తిప్పినా ఆగవు, ఎక్కడున్నామో వేలికి తెలీదు. మూడోది ఆయనకి కాస్త నచ్చింది. ఒక్కో మీటకి రెండు మూడు పనులున్నాయట. ఎప్పుడు ఏ పని చేస్తుందో ఎలా తెలుస్తుందని అడిగారు.

"చాలా ఈజీ సార్. ఎర్రగా వెలిగితే రికార్డింగు, పచ్చగా వెలిగితే ప్లే."

ఆయనకి చెప్తున్నాడు ఆ మాట! నాకు ఒళ్ళు మండిపోయింది. బావగారు మాత్రం ఓపిగ్గా, "ఇంకాసేపు దీంతో కూర్చుంటాను, మీటలు లెక్కపెట్టుకుంటే అలవాటవుతుందేమో," అన్నారు. అంతలో మేనేజరు వచ్చాడు. చంకలో పిల్లలు ఆడుకునే కీబోర్డు.

"వీళ్ళకి ఇలాంటిది బావుంటుంది మేడమ్. ఒక్కటి నొక్కితే చాలు, పాటంతా అదే వాయించేస్తుంది."

నేను నోరు తెరిచేలోపే బావగారు ఫోనులో మాట్లాడే మెత్తటి గొంతుతో అన్నారు. "బాబూ, నేను పాట వినడానికి రాలేదు, చేసుకోడానికి వచ్చాను. ఆ తేడా తెలీకుండా ఈ దుకాణం ఎలా నడుపుతున్నావు?" కర్ర టకటకలాడించుకుంటూ బయటికి నడిచారు. మేనేజరు నాకేసి చూసి, "పాపం, కోపమెక్కువ," అన్నాడు. "మీరే తెప్పించారు," అనేసి వచ్చేశాను.

వెనక సందులో మా స్పీకర్లు బాగుచేసే మెకానిక్కు ఉన్నాడు. విషయం విని, అటక మీంచి ఓ పాత సాంప్లర్ దించాడు. "ఇదొకటుంది గానీ సార్, తెర చచ్చిపోయింది. ఎవరూ తీసుకోవట్లేదు."

బావగారు తడిమారు. పనికో మీట. మరలు చివరికొచ్చి ఆగుతున్నాయి. మెకానిక్కు కుర్చీ వేసి, "చూస్తూండండి సార్," అని తన పనిలో పడ్డాడు. చాలాసేపటికి, ఆయన బల్ల మీద వేళ్ళతో తట్టి పట్టిన చప్పుడు పెట్టెలోంచి తాళమై వచ్చింది.

"మీకోసమే తెర పోయినట్టుంది బావగారూ!" అన్నాను సంబరంగా.

"నవ్వకమ్మా," అన్నారాయన. మొహం ఎర్రబడింది. "చెడిపోయింది కాబట్టి నా చేతికొచ్చింది. అంటే బాగున్నవాటిలో నాకు చోటు లేదనేగా?"

అయినా దాన్నే కొని తెచ్చుకున్నాం.

మొదట్లో ఆ చచ్చిన తెర మీద పెట్టె ఏం అడుగుతోందో తెలీక ఏదో నొక్కి, పట్టిన చప్పుళ్ళన్నీ చెరిపేసుకున్నారు. అక్క గోళ్ళరంగు చుక్కలు మీటల మీద పెట్టి గట్టిపడనిచ్చింది. వేలికి గుర్తుగా అవి పనికొచ్చాయి. కంపెనీకి ఫోను చేస్తే, ముందు తెర మీద కనిపించే నంబరు చదవమన్నారు. ఆరోజు ఆయన ఫోను పెట్టేసిన విసురుకి మా పిల్ల ఏడుపందుకుంది.

ఇప్పుడు వారానికో పాట కడుతున్నారు. ఆసుపత్రిలో నర్సులు అడిగి మరీ వింటారు. అయినా ఆ దుకాణంలోకి కొత్త పెట్టె వచ్చిందంటే చాలు, వెళ్ళి తడిమి చూస్తారు, అది తనకెందుకు పనికిరాదో వాళ్ళని నిలబెట్టి చెప్పి వస్తారు. ఎందుకంత శ్రమ అని మా ఆయన అంటే, "నేను మానేస్తే వాళ్ళు నిశ్చింతగా ఉంటారురా, ఉండనివ్వను," అన్నారు.

మొన్న నేనూ వెళ్ళాను. ఈసారి ఆయనకంటే నా గొంతే పెద్దగా లేచింది.