కట్ట అయ్యేదాకా లేవొద్దు

ఆ రోజుల్లో నాకు చదవడం కంటే చదవడానికి సిద్ధమవడం బాగా వచ్చేది. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డికి పోయి డిప్లొమా చదివేవాణ్ని. మ్యాథ్స్ పేపరు ఒకసారి తప్పాను. సప్లిమెంటరీలో కూడా పోతే ఏడాది ఇంట్లో కూర్చోవాల్సిందేనని కాలేజీలో చెప్పారు. మరొకడైతే ఆ సాయంత్రమే పుస్తకం తెరిచేవాడు. నేను చార్టు కొన్నాను. పాఠానికో రంగు, అరగంటకో గడి, వారం చివర పునశ్చరణ (దానికి ఆకుపచ్చ). సాయంత్రం బస్సు ఆలస్యమైతే గడులన్నీ తప్పేవి. తప్పిన గడులతో చదవడం పద్ధతి కాదు కనుక కొత్త చార్టు గీసేవాణ్ని. పదకొండు రోజుల్లో నాలుగు చార్టులయ్యాయి, ఒక్క లెక్కా కాలేదు.

మా నాన్న తల్లిని అవ్వ అనేవాళ్లం. అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. నాలుగో చార్టు చూసి, "ఏందిరా, గోడకు రంగులేసుడేనా, చదివేదేమన్న ఉన్నదా?" అంది. బస్సు లేటయిందన్నాను.

"బస్సు లేటయితే నేను బీడీలు బంద్ పెడుతున్ననా? కూసో గీడ. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. నా కట్ట అయ్యేదాకా లేవొద్దు, ఫోను ముట్టొద్దు."

కూర్చున్నాను. అయితే కట్టకు ఎంతసేపు పడుతుందో తెలియకుండా ప్రణాళిక ఎలా వేస్తాం? అందుకని ఆ సాయంత్రమంతా నోటుబుక్కులో ఆమె వేగం రాసుకున్నాను: మూడు కట్టల సమయం, సగటు, ఆకు చిరిగితే పట్టే అదనపు సెకన్లు. (గ్రాఫు కూడా చక్కగా వచ్చింది.) అవ్వ తలెత్తకుండానే, "నా చేతులు చూస్తున్నవా, పుస్తకం చూస్తున్నవా?" అని అడిగింది.

"పుస్తకమే అవ్వా."

"మరి ఒక్క పేజీ తిప్పినట్టు లేదు?"

పక్కన కూర్చుని చుడుతున్న పొరుగింటామె నవ్వింది. "పెద్దమ్మా, కంపెనోళ్లు చేసే చెకింగ్ నీ బీడీలకు ఇంట్లనే పెట్టిండు!"

మర్నాటి నుంచి అవ్వ నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ఇక చూడటానికి పుస్తకం తప్ప ఏమీ మిగలలేదు. మొదట్లో కట్టకు సగం లెక్క అయ్యేది, వారం తిరిగేసరికి రెండు. ఒకరోజు, "కట్ట అయింది, లే" అంటే, ఇంటిగ్రేషన్ మధ్యలో ఉండి "ఆగు అవ్వా" అన్నాను. అవ్వ ఇంకో ఆకు తీసుకుంది.

ఫలితాలు వచ్చాయి. గట్టెక్కడానికి కావలసినదానికంటే నాలుగు మార్కులు ఎక్కువ. పరుగెత్తుకొచ్చి, "పాసైన అవ్వా!" అన్నాను.

"మంచిగయింది. ఇంకెన్ని ఉన్నయి?"

"వచ్చే సెమిస్టరుకు ఆరు."

చాట కొంచెం జరుపుకుని, "అయితే కూసో" అంది. పాసైనవాడు ఒక్క సాయంత్రమైనా తిరగడానికి పోవాలి కదా. ఆ మాట అడగాలని కూడా తట్టక, చెప్పులు విడిచి కూర్చున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇవాళ నన్నెవరైనా అంత గట్టిగా కూర్చోమంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.