మామను కరిచిన కుక్క

నేను కాళహస్తి నుంచి కాపరానికి వచ్చేనాటికే మా అత్త దగ్గర ఐదు కుక్కలు ఉండేవి. పాకాలకు రెండు మైళ్ల అవతల, చేనిలోనే మా ఇల్లు. యుద్ధం జరుగుతా ఉండే రోజులు. మనుషులకే గింజలు చాలక, సాకినవాళ్లే కుక్కల్ని తెచ్చి మా బావికాడ వదిలిపెట్టి పోయేవాళ్లు. ఒకదానికి కన్ను లేదు, ఇంకొకటి బండిచక్రం కింద పడి కుంటిదయింది. నాకేమో చిన్నప్పటినుంచీ కుక్కలంటే భయం. వాకిలి దాటాలంటే అత్త పక్కన ఉండాల్సిందే. ఆమె ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు.

ఆ యేడు మామిడికాయలు అయిపోయినాక, పూతలపట్టు పక్కనుంచి ఒక తోపు కావలాయన నల్లకుక్కను గొలుసుతో ఈడ్చుకొచ్చినాడు.

"ఎవుర్ని బడితే వాళ్లను కరస్తా ఉండాదమ్మా. నువ్వు వద్దంటే కొట్టి సంపేస్తాం" అన్నాడు.

గొలుసు ఒరుసుకొని దాని మెడంతా పుండు. అత్త గొలుసు తీసేసి, పాతచీర పేని తాడు చేసి కొట్టంలో కట్టేసింది. రోజూ దానికి వీపు పెట్టి కూర్చొని చెనక్కాయలు ఒలిచేది. పలకరించేది కాదు, తిరిగి చూసేది కాదు. పది పన్నెండు దినాలకు అదే వచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది. అప్పటినుంచి పుండుకు వేపనూనె పూయనిచ్చింది.

ఒకనాడు మామ మడక దున్ని వచ్చి, ముల్లుగర్రను కొట్టం చూరులో పెట్టేదానికి చెయ్యెత్తినాడు. కుక్క ఎగిరి ఆయన పిక్క పట్టుకొనింది.

"ఈ ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అన్నాడు మామ, రక్తం తుడుచుకుంటా.

"కర్ర ఎత్తితివి. దెబ్బ పడతాదనుకొనింది" అనింది అత్త.

"నా చూరులో నా కర్ర పెట్టుకునేదానికి దాన్ని అడగల్నా?"

రైలెక్కి చిత్తూరు ఆసుపత్రికి పోయినాడు. బొడ్డు చుట్టూ రోజుకొక సూది వేయాలన్నాడంట డాక్టరు. ఇంకో మాట కూడా చెప్పినాడు. కుక్కను చంపొద్దు, కట్టేసి పది దినాలు చూడండి, అది బతికుంటే దానికి పిచ్చి లేనట్టే, మీకూ భయం లేదు అని.

అంతే, మరుసటి పొద్దునుంచి రైలుకు పోయే ముందు మామ కొట్టం వాకిట్లో నిలబడి దాన్ని చూసి పోయేవాడు. తినిందా, నీళ్లు తాగిందా అని అడిగేవాడు. ఇంట్లో అది ఉండగూడదన్న మనిషే దాని బతుకు కోరుకుంటా ఉంటే అత్త కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేది.

నాలుగో పొద్దు అది సంగటి ముట్టలేదు. అత్త కలుపుకు పోయింది. మామ ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఇది తినలేదే" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

వాకిట్లోనుంచే చూస్తే తెలిసింది. తాడు ముడి జారి పుండు మీద బిగుసుకొని ఉండాది. మింగలేక అట్లే తలవంచుకొని నిలబడింది. మామను దగ్గరికి రానీదు. నేను అత్త మాదిరే దానికి వీపు పెట్టి కూర్చున్నాను. కొంచెం కొంచెంగా వెనక్కి జరిగినాను. దాని ఊపిరి నా మెడకు తగిలింది. ఏడుపొచ్చింది. అయినా మెల్లగా తిరిగి ముడి వదులు చేసినాను. అది గుర్రుమనలేదు. సంగటి మజ్జిగలో పిసికి పెడితే గిన్నె నాకేసింది.

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకొని, "రైలుకు పొద్దుపోయింది" అని పోయినాడు.

పది దినాలు దాటినాయి. సూదులు చాలన్నారు.

"అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల అంటివి గదా, దీన్ని ఎవురికన్నా ఇచ్చేద్దామా?" అడిగింది అత్త.

"యాడికి పోతాది?" అన్నాడు మామ. "దీన్ని ఎవురు పెట్టుకుంటారు?"

అది ఇంకా నాలుగేండ్లు బతికింది. సాధువయిందని చెప్పను. చుట్టాలొస్తే నేనే దాన్ని కొట్టంలోకి తోలుకుపోయేదాన్ని, వాళ్లు పోయేదాకా దాని పక్కనే కూర్చునేదాన్ని.