పొగ బయటికి రాకూడదు

పొయ్యి ఒకరిది, ఊపిరి ఇంకొకరిది... మరి పొగ ఎవరింట్లో ఉండాలి? చాలా ఏళ్ళుగా నా వెంట తిరుగుతున్న ప్రశ్న ఇది.

మా చిన్నప్పుడు... పుంగనూరులో ముందు భాగంలో ఇంటి ఓనరు జయమ్మత్త, వెనక రెండు గదుల్లో బాడుగకు మేము. మధ్యలో జానెడు పెరడు. అందులో మా మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసి పట్టిన నీళ్ళ కాగు. జయమ్మత్తకు కిరసనాయిలు స్టవ్వు ఉండేది. సంగటికైనా, స్నానానికైనా మల్బరీ పుల్లలే. పట్టుపురుగులు పెంచేవాళ్ళు ఆకు దూసుకుని, పుల్లలు మోపులుగా ఇచ్చేవాళ్ళు. ఎండితే చురచురమని మండుతాయి... పచ్చివైతే కళ్ళు తెరవనివ్వవు.

జయమ్మత్త కూతురు సుమతి నా ఈడుది. దానికి ఉబ్బసం. బడిలో నా పక్కనే కూర్చునేది కాబట్టి, దాని గుండెల్లో మోగే ఆ సన్నటి ఈల నాకు బాగా తెలుసు...

ఒక ముసురు రోజు పొగ పైకి లేవక పెరడంతా కమ్ముకుంది. సుమతి పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక జయమ్మత్త మా గడప ముందు నిలబడింది. కోపంగా లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అంతే.

"రాజమ్మా, నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఇంక మీ పొగ బయటికి రాకూడదు. వచ్చిందా, వేరే ఇల్లు సూసుకోండి."

"పొగను కొంగులో మూట కట్టుకోమంటావా అక్కా?" అంది అమ్మ.

"కట్టుకో. నా బిడ్డ ముక్కులోకి మాత్రం రానీబాకు."

మర్నాటి నుంచి పొయ్యి లోపలికి వచ్చింది. అమ్మ కిటికీ మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కి, తలుపు గడియ వేసి ఎసరు పెట్టేది. ఊదుగొట్టంతో ఊదడం, దగ్గడం, మళ్ళీ ఊదడం... నేను తలుపు కింద సందు దగ్గర బోర్లా పడుకునేదాన్ని. అక్కడ కొంచెం గాలి వచ్చేది.

ఒకసారి గడియ మీద చెయ్యి వేశాను. అమ్మ మణికట్టు పట్టుకుంది.

"యాడికి పోతాండావు? తలుపు తీస్తే పొగ సుమతికాడికి పోతాది."

"మరి మనకు?"

"మనకు అలవాటే లే."

అవతల నుంచి సుమతి పిలిచేది, "రావే, అచ్చనగాయలు ఆడుకుందాం" అని. వస్తానంటాను... రాలేను. దాని కోసమే ఆ తలుపు మూసి ఉందని దానికి ఎవరూ చెప్పలేదు.

తర్వాత గ్యాసు వచ్చింది. సుమతికి వయసుతో పాటు ఉబ్బసం తగ్గింది, ఇప్పుడు కుప్పంలో టీచరు. అమ్మ దగ్గు మాత్రం పోలేదు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, "ఇంట్లో ఎవరైనా బీడీలు తాగేవాళ్ళా?" అని అడిగితే, "మా పొయ్యి తాగుతాండె సార్, నేను పక్కన కూసోనుంటి" అంది.

ఇప్పుడు నేనుండేది మదనపల్లెలో, ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో. మా కిటికీ కిందే వాచ్‌మన్ భార్య రెడ్డెమ్మ మూడు ఇటుకల మీద వండుకునేది. పెద్దమండ్యం వైపు మనిషి. టమాటా మండీలో విరిగిన పెట్టెల చెక్కలు ఏరుకొచ్చుకుంటుంది. పొగ నేరుగా మా ఇంట్లోకి... నా కూతురికి ఉబ్బసం. అదే ఈల. సుమతిదే.

ఈ మధ్య పొద్దున్నే వచ్చే చెత్తబండి మైకులో, 'చెత్త, కట్టెలు ఆరుబయట కాల్చరాదు' అని చెబుతున్నారు. అసోసియేషన్‌వాళ్ళు రెడ్డెమ్మకు ఆ మాట నన్నే చెప్పమన్నారు. మెత్తగా చెబుతానట. చెప్పాను. "సరేమ్మా" అంది, అంతే.

పొగ ఆగిపోయింది. హాయిగా కిటికీ తెరుచుకున్నాను. మొన్న ఆదివారం కిందికి వెళితే వాచ్‌మన్ గది తలుపు మూసి ఉంది, కింద సందులోంచి పొగ. తట్టాను. చంకలో పాపతో, ఎర్రటి కళ్ళతో రెడ్డెమ్మ.

"యాల రెడ్డెమ్మా, పొయ్యి లోపల పెట్టినావు?"

"ఆరుబయట వద్దన్నారు గదమ్మా. అందుకే లోపలికి తెచ్చుకుంటి."

ఎగతాళి కాదు. నిజంగా అలాగే అనుకుంది. మైకు చెప్పింది కూడా అదే కదా...

గ్యాసు నేను తెప్పిస్తానన్నాను. "ఈసారి తెప్పిస్తారు. అది అయిపోతే మళ్ళా మిమ్మల్నే అడిగేదా?" అని నవ్వింది. "మీ పాపకాడికి పొగ రాదులేమ్మా, తలుపేసుకుంటాండా గదా."

ఆమె పాప దగ్గుతోంది.

రేపు అసోసియేషన్ మీటింగు. పొగ సంగతి తీరిపోయిందా అని నన్ను అడుగుతారు. తీరిందంటే ఆ తలుపు మూసే ఉంటుంది. తీరలేదంటే, కట్టెలు మానేయండి లేదా గది ఖాళీ చేయండి అంటారు. తలుపు తెరిచి వండుకోనివ్వండి అంటే పొగ నా బిడ్డ దగ్గరికే వస్తుంది.

జయమ్మత్తది తప్పని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అలా అనలేకపోతున్నాను... అమ్మ చేసింది సరైన పనే అని కూడా అనలేను.

అప్పట్లో కట్టెల పొయ్యి దాదాపు ప్రతి ఇంట్లో ఉండేది, దగ్గు అందరిదీ. ఇప్పుడు ఎవరో ఒకరి ఇంట్లోనే మిగిలింది, దగ్గు కూడా వాళ్ళదే కావాలంటున్నాం. మీ ఇళ్ళలో పొగ ఎటు పోయేది, ఎవరు మింగేవాళ్ళు... గుర్తుంటే రాయండి. రేపు ఏం చెప్పాలో నాకైతే ఇంకా తేలలేదు.