తిప్పమన్నారు కదా అని

ఆ రోజుల్లో మనుషులు ఎలా ఉండేవారో, మాటకి ఎంత విలువ ఉండేదో చాటే మహాకావ్యం ఒకటి మీ ముందు విప్పబోతున్నాను. ఇందులో కీర్తికాంక్ష ఉంది, ద్రోహం ఉంది, అగ్నిపరీక్ష ఉంది, ఒక పెద్దావిడ ప్రాణం మీదికి వచ్చిన ఘట్టం కూడా ఉంది. ఇలా మొదలుపెట్టి ఓ పేజీ రాశాక చదివి చూసుకుంటే, ఇందులో నిజంగా ఉన్నదల్లా కిలోన్నర శీలావతి చేప, ఒక గరిటె, నేను. అగ్నిపరీక్ష అన్నది గ్యాసు పొయ్యి గురించి. ఆ రోజులు కూడా మరీ ఎడ్లబళ్ల రోజులేమీ కావు, నాలుగేళ్ల కిందటివి. కాకపోతే అప్పటి నన్ను ఇప్పుడు తలచుకుంటే, ఆ మనిషికీ నాకూ మధ్య కనీసం ఒక తరం ఎడం ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

అప్పట్లో నాకు భీమవరంలో, రొయ్యల మేత అమ్మే ఒక ఆఫీసులో కొత్తగా ఉద్యోగం. ఏ లారీ ఏ చెరువుకి బయల్దేరిందో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. (లారీలు నాకన్నా ముందే చేరిపోయేవి, అది వేరే సంగతి.) నేను అద్దెకున్న మేడగది కింద, ఇంటివారు రిటైరైన టీచరుగారు ఒక్కరే ఉండేవారు. ఆవిడ ఆదివారం చర్చి నుంచి రాగానే చేపల పులుసు పెట్టేవారు. ఆ పూట తినేది కొంచెమే, అసలు పులుసంతా మర్నాటి కోసం. రాత్రంతా ఊరితే ముక్కకి పులుపు పడుతుందని ఆవిడ సిద్ధాంతం. సోమవారం పొద్దున్న నేను మెట్లు దిగేసరికి అరుగు మీద నా కారియర్ సిద్ధంగా ఉండేది. "ఒంటరి వంట కుదరదు బాబూ, ఎంత తగ్గించినా మిగిలిపోతుంది. పట్టుకెళ్లండి" అనేవారు. నేను పట్టుకెళ్లేవాణ్ణి. ఈ కథలో నేను సక్రమంగా చేసిన పని అదొక్కటే.

ఆఫీసులో మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. మొదటి సోమవారం కారియర్ మూత తీయగానే బల్ల అవతలివైపు మాటలు ఆగిపోయాయి. స్టోర్సు చూసే బాబాయిగారు (నాకు ఏమీ కారు, మా వైపు యాభై దాటిన ప్రతి మగవాడూ ఎవరికో ఒకరికి బాబాయిగారే) ఒక ముక్క అందుకుని, కళ్లు మూసుకుని, "ఎవరు వండారోయ్ ఇది?" అన్నారు. "నేనేనండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. కారణం ఉన్న అబద్ధమైతే కాస్త గౌరవంగా అయినా ఉండేది. అప్పటికి నాకు వంటగదితో ఉన్న పరిచయం మంచినీళ్ల వరకే. అయినా వారం వారం నా పేరు పెరిగిపోయింది. పులుసులో ఏం వేస్తావని అడిగితే, "ఏముందండి, అంతా చేతిలో ఉంటుంది" అని చెయ్యి చూపించేవాణ్ణి. అరడజను మంది ఆ చెయ్యి వంక భక్తిగా చూసేవారు. కారియర్లో రెండు గిన్నెలు చాలక నాలుగు గిన్నెలది కొన్నాను. టీచరుగారు ఏమీ అడగలేదు, నాలుగూ నింపారు.

ఇలా ఆరు నెలలు గడిచాక బాబాయిగారి తల్లికి, అంటే మామ్మగారికి, జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ పోతూ పోతూ ఆవిడ నోటి రుచి పట్టుకుపోయింది. వారం రోజులుగా జావ తప్ప ఏమీ ముట్టలేదు. అదీ సగమే. ఆ సోమవారం బాబాయిగారు నా కారియర్లోంచి ఒక గిన్నె ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "అబ్బాయ్, మా అమ్మ నీ పులుసుతో నాలుగు ముద్దలు తిందోయ్. మళ్లీ అదే కావాలంటోంది, ఇంకేం పెట్టినా తోసేస్తోంది. వచ్చే సోమవారానికి తిండి పుంజుకోకపోతే ఆసుపత్రిలో చేర్పించి సెలైన్ పెట్టాలన్నారు డాక్టరుగారు. ఆదివారం మా ఇంటికొచ్చి నీ చేత్తో కాస్త వండిపెట్టు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అప్పుడు నిజం చెప్పెయ్యాలి. నేను "దానికేముందండి" అన్నాను.

నా పథకం మామూలుదే. టీచరుగారి చేత వండించి, గిన్నె పట్టుకెళ్లి, అక్కడ వెచ్చబెట్టడం. శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి కింద తలుపుకి తాళం ఉంది. టీచరుగారు రాజమండ్రిలో కూతురింటికి వెళ్లారనీ, సోమవారం గానీ రారనీ పక్కింటివారు చెప్పారు. నాకు ఆ క్షణంలో జ్వరం వస్తే బాగుండుననిపించింది. ప్రయత్నించాను కూడా. రాలేదు.

ఆదివారం బాబాయిగారింట్లో చేప కడిగి, ముక్కలు కోసి సిద్ధంగా ఉంచారు. హాల్లో మంచం మీద మామ్మగారు, అగరొత్తంత మనిషి, గోడకి ఆనుకుని కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూశారు. పిన్నిగారు (బాబాయిగారి భార్య) గరిటె నా చేతిలో పెట్టి, "ఇరవై ఏళ్లుగా నేనూ పెడుతున్నాను పులుసు. మీ దగ్గర నేర్చుకోవాలని రాసిపెట్టుంది, చూస్తానుండండి" అన్నారు. ఆవిడ చూస్తే నా పని అయిపోయినట్టే. అందుకని, "నేను వండేటప్పుడు ఎవరైనా ఉంటే చెయ్యి రాదండి" అని ఆవిడ వంటగదిలోంచి ఆవిణ్ణే పంపేసి తలుపు వేసుకున్నాను. సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ఆ తలుపు గడియ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

వెంటనే టీచరుగారికి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు తగ్గించి, "ప్రార్థన కూడికలో ఉన్నాను, ఏంటి బాబూ?" అన్నారు. పులుసు ఎలా పెట్టాలండి, ఊరికే నేర్చుకుందామని, అన్నాను. (ప్రార్థనలో ఉన్న మనిషితో కూడా అబద్ధమే.) ఆవిడ గుసగుసగా ఉల్లిపాయ ముద్ద వేయించమన్నారు, కారం, పసుపు, చింతపండు పులుసు, నాలుగు బెండకాయలు చెప్పారు. "మరిగాక ముక్కలు వెయ్యండి. ముక్కలు పడ్డాక మటుకు వదిలెయ్యకుండా తిప్పుతూ ఉండండి, అడుగంటుతుంది. ఉంటానేం" అని పెట్టేశారు.

తిప్పుతూ ఉండమన్నారు కదా. తిప్పాను. గోదావరి జిల్లాల్లో చేపల పులుసు తిప్పడమంటే గుడ్డతో గిన్నె చెవులు పట్టుకుని గిన్నెని గుండ్రంగా తిప్పడమే అనీ, అందులో గరిటె పెట్టడం పాపమనీ, ఇది ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరనీ, చెప్పకుండానే అందరికీ తెలుస్తుందనీ నాకు తెలియదు. నేను గరిటెతో తిప్పాను. అడుగంటకూడదని అడుగు దాకా గోకి తిప్పాను. ఒక మనిషి ప్రాణం నా చేతిలో ఉందన్న బాధ్యతతో, ఇరవై నిమిషాలు ఆపకుండా, చేతులు మార్చుకుంటూ తిప్పాను. మూడో నిమిషంలోనే ముక్కలు చిన్నవయ్యాయి. పులుసు పట్టి కుంచించుకుంటున్నాయి కాబోలు అనుకున్నాను. చివరికి చూస్తే గిన్నెలో ముక్క అన్నది లేదు. ఎర్రటి ముద్దలో సూదుల్లాంటి ముళ్లు వందల కొద్దీ ఉన్నాయి. శీలావతికి ముళ్లెక్కువని ఆ రోజే తెలిసింది.

తలుపు తీశాను. పిన్నిగారు లోపలికొచ్చి గిన్నెలోకి చూశారు, గరిటె చూశారు, నన్ను చూశారు. "గరిటె పెట్టి తిప్పారా?" అని మాత్రం అన్నారు. హాల్లోంచి మామ్మగారు, "ఏంటే, అయిందా?" అన్నారు. బాబాయిగారు కూడా వచ్చి తొంగిచూసి, నా పరువు కాపాడాలని కాబోలు, "అయిందమ్మా, ముక్క కాస్త కరిగింది" అన్నారు.

"కరగడానికి అదేమన్నా ఉప్పట్రా?" అన్నారు మామ్మగారు.

పిన్నిగారు టీ వడపోసే జల్లెడ తెచ్చారు. ముళ్లు ఒక్కటి కూడా లేకుండా పులుసంతా వడకట్టి, ఇంకాస్త పులుపు, మెంతిపొడి వేసి, మళ్లీ పొయ్యి మీద పెట్టారు. ఆ పది నిమిషాలూ నేను జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. ఆ పనికి నేను సరిపోయాను. మెత్తటి అన్నంలో ఆ పులుసు కలిపి పెడితే మామ్మగారు ఒక ముద్ద తిన్నారు, ఆగారు, రెండోది తిన్నారు. ఎనిమిది ముద్దలయ్యాక మంచినీళ్లు తాగి, కోడలి వంక చూసి, "ఇన్నాళ్లూ మెంతిపొడి ఎందుకు వెయ్యలేదే?" అన్నారు. "వేస్తే చేదన్నారు కదండి, పెళ్లయిన కొత్తలో" అన్నారు పిన్నిగారు. "ఎప్పటి మాట అది" అన్నారు మామ్మగారు. ఆసుపత్రి తప్పిపోయింది.

ఆ తర్వాత ఆవిడ నన్ను మంచం దగ్గరికి పిలిచారు. "మొన్నటి పులుసు ఎవరిది నాయనా?" అన్నారు, కోపం లేకుండా. మా ఇంటి టీచరుగారిదండి, అన్నాను. బాబాయిగారు గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టారు. "మరి ఆవిడకి చెప్పావా, ఇక్కడో ముసల్ది వారానికి మొదటి ముద్ద ఆ పులుసుతోనే మింగిందని?" లేదండి, అన్నాను. "పులుసు మోసుకొచ్చిన వాడివి, ఒక్క మాట మోసుకెళ్లలేకపోయావా" అన్నారు. ఆవిడ తిట్టుంటే ఎదురు ఏదో ఒక జోకు వేసేవాణ్ణి. తిట్టలేదు.

సోమవారం సాయంత్రం టీచరుగారి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. "ఆ మామ్మగారు ఎన్ని ముద్దలు తిన్నారన్నారూ?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత, ఆఫీసులో ఎవరెవరు ఏమన్నారో చెప్పమన్నారు. ఆరు నెలల పొగడ్తలూ ఒక్కొక్కటే అప్పజెప్పాను. ఆవిడ చేతులు నెమ్మదించాయి. ముఖంలో చర్చిలో పాట బాగా కుదిరినప్పటి సంతోషం. అది చూస్తూంటే నాకు నేల మీదే కూర్చోవాలనిపించింది. ఎందుకంటే ఇదంతా ఆవిడకి సోమవారం సోమవారం చేరాల్సింది. నేను మధ్యలో తినేశాను.

"అందరూ మెచ్చుకోవడమేనా? మధ్యలో ఒకసారి ఉప్పెక్కువైంది, నాకు తెలుసు" అన్నారు.

"అన్నారండి ఆ రోజు."

"అప్పుడూ మీరే వండానన్నారా?"

"లేదండి. ఆ వారం మా ఇంటి ఓనరుగారు పంపారని చెప్పానండి."

టీచరుగారు చిక్కుడుకాయ పక్కన పెట్టి నా వంక చూశారు. తర్వాత కళ్లజోడు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. నాకైతే ఏడిస్తేనే తేలిగ్గా ఉండేది. ఆ నవ్వు ఆగాక లేచి, వంటగదిలో ఖాళీ గిన్నె ఒకటి పొయ్యి మీద పెట్టి, చెవులకి గుడ్డ చుట్టి నా చేతికిచ్చి, "తిప్పండి" అన్నారు.

ఇప్పుడు పులుసు నేనే పెడుతున్నాను, నిజంగానే. మామ్మగారు మొన్న కూడా ఒక గిన్నె కబురు పెట్టి తెప్పించుకున్నారు, మెంతిపొడి తక్కువైందని తిరిగి కబురు పంపారు. గడియ వేసిన తలుపు వెనక, చెమటలు కక్కుతూ, ఎంతో నిజాయితీగా గరిటె తిప్పుతున్న ఆ కుర్రాణ్ణి అప్పుడప్పుడూ తలచుకుంటాను. వాడి వీపు తట్టి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది గానీ, వాడు వినే రకం కాదు. అందుకని మీకే చెబుతున్నాను, ఆదివారం మిగిలిన పులుసు ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు మూత గట్టిగా బిగించాలి, లేకపోతే సోమవారం కాఫీ కూడా చేపల వాసనే వస్తుంది.